ఏసీలో గ్యాసు ఎక్కడికి పోయింది?

మా కారు ఏసీ చల్లబరచడం తగ్గించేసరికి తెలిసినవాళ్లంతా ఒకే మాట అన్నారు: గ్యాసు అయిపోయి ఉంటుంది, నింపించేస్తే సరి. ఈ సలహా ఎంత మామూలైపోయిందంటే, ఏసీలోని గ్యాసు కూడా పెట్రోలులాగా రోజూ కాస్త కాస్త ఖర్చవుతుందనే చాలామంది నమ్మకం. అలా ఖర్చయ్యేదేమీ అందులో లేదు. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, డాష్‌బోర్డు వెనక దాగి ఉండే కూలింగ్ కాయిల్ – ఈ నాలుగింటి మధ్య ఉన్న పైపుల్లో అదే గ్యాసు ఏళ్లతరబడి తిరుగుతుంది. కాయిల్లో ఆవిరవుతూ లోపలి గాలిలోని వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి ముందుకు తోస్తుంది. కండెన్సర్‌లో ఆ వేడిని బయటి గాలికి వదిలేసి తిరిగి ద్రవమవుతుంది. ఆ ద్రవాన్ని ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి దారిగుండా ఒత్తిడి తగ్గించి మళ్లీ కాయిల్లోకి వదులుతుంది. తగ్గిందంటే ఏదో ఒక సందు చూసుకుని బయటపడిందన్నమాటే.

రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర ఏళ్లమీద కొద్దికొద్దిగా జారిపోవడం నిజమే. కానీ నిరుటి వేసవిలో నింపించిన గ్యాసు ఈ వేసవికి చాలకుండా పోతే దాన్ని సహజమైన తరుగుదల అనలేం. మా కారు సంగతి అదే. అందుకే ఈసారి గ్యాసు సిలిండరు జోలికి పోకముందే అది ఎక్కడినుంచి పోతోందో తేల్చాలని పట్టుబట్టాను. మా మెకానిక్ ఓపికమంతుడు కాబట్టి ఆ పట్టుదల చెల్లింది.

ఇంటి దగ్గర చేయగలిగినవి ముందే చూసుకున్నాను. క్యాబిన్ ఫిల్టరు దుమ్ము పట్టినా గాలి జోరు తగ్గి చల్లదనం తక్కువైనట్టు అనిపిస్తుంది. అది శుభ్రంగానే ఉంది. ఏసీ వేయగానే రేడియేటరు ముందున్న ఫ్యాను తిరుగుతోంది. బానెట్ ఎత్తి చూస్తే కంప్రెసర్ క్లచ్, అంటే బెల్టుతో తిరిగే పుల్లీని కంప్రెసర్‌కు కలిపే విద్యుదయస్కాంతపు పళ్లెం, టక్కున అతుక్కుంటోంది. అంటే ఫ్యూజు, రిలే బాగానే పనిచేస్తున్నాయి. కండెన్సర్ మీద నీళ్లు చల్లి కూడా చూశాను. వేడి బయటికి పోకపోవడమే జబ్బయితే, నీళ్లు పడగానే లోపల చల్లదనం పెరగాలి. పెరగలేదు.

తర్వాత పొడుగాటి సూది ఉన్న థర్మామీటరొకటి తెచ్చి గాలి వచ్చే రంధ్రాల్లో పెట్టాను. బయట 33 డిగ్రీలు. ఉష్ణోగ్రత మీటను అన్నిటికన్నా చల్లని చోట, బ్లోయరును మధ్యస్థంగా, లోపలి గాలే తిరిగే పద్ధతిలో పెట్టి పది నిమిషాలు ఆగాను. డ్రైవరు వైపు రంధ్రంలో 21 డిగ్రీలు, రెండో వైపు 15. ఆరోగ్యంగా ఉన్న ఏసీ మధ్య రంధ్రంలో 5 నుంచి 10 డిగ్రీల గాలి ఇవ్వాలి. చల్లదనం తగ్గిందన్న సంగతి నాకు ముందే తెలుసు గనక 21 నన్ను ఆశ్చర్యపరచలేదు. నన్ను ఆపింది ఆ రెండు వైపుల మధ్య తేడా. కాయిల్లోకి వచ్చే ద్రవం తక్కువైతే అది మొదటి కొన్ని వరుసల్లోనే ఆవిరై అయిపోతుంది. మిగతా కాయిల్ వట్టి వేడిగాలిని అలాగే దాటనిస్తుంది. అందుకే ఒక పక్క కాస్త చల్లగా, ఇంకో పక్క ఉత్తగాలిలా వస్తుంది. లోపల గాలిని మళ్లించే తలుపు ఇరుక్కున్నా ఇలాంటి తేడా రావచ్చు కాబట్టి దీంతోనే తీర్పు చెప్పలేం. ఆ తలుపును కదిపే మోటారు శబ్దం మాత్రం సరిగ్గానే వినిపించింది.

గుండె ధైర్యం కోసం పైపులు కూడా తడిమి చూశాను. సాధారణంగా ఏసీ నడుస్తున్నప్పుడు కాయిల్ నుంచి కంప్రెసర్‌కు వెళ్లే లావు పైపు చేతికి చల్లగా తగిలి, దానిమీద చెమట పడుతుంది. మాది పొడిగా, కొంచెం చల్లగా మాత్రమే ఉంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు ఒంటిమీద మాత్రం పలచటి మంచుపొర. ఎక్కడ పట్టాలో అక్కడ చెమట లేదు, అవసరం లేని చోట మంచు.

ఇక మెకానిక్ దగ్గరికి వెళితే అతను ఒత్తిడిని పీఎస్‌ఐ కొలతలో చూపించే రెండు గేజీలు తగిలించాడు. ఇంజను ఆపి ఉండగా రెండు ముళ్లూ 97 పీఎస్‌ఐ దగ్గర నిలిచాయి. ఆ పూట గాలి 30 డిగ్రీలుంది.

"ఒత్తిడి బాగానే ఉందండీ. గ్యాసు సరిపడా ఉన్నట్టే" అన్నాడు.

ఇంజను ఆపి ఉన్నప్పుడు కనిపించే ఈ అంకెను నమ్మి చాలామంది బోల్తా పడతారు. మా కారులో ఉన్నది ఆర్-134ఎ. మూసి ఉన్న పైపుల్లో ఈ గ్యాసు ద్రవరూపంలో కాస్తంత మిగిలి ఉన్నా, దాని ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. 30 డిగ్రీల దగ్గర అది 97 పీఎస్‌ఐ. నిండుగా 450 గ్రాములున్నా 97 చూపిస్తుంది, సగం కూడా లేకపోయినా 97 చూపిస్తుంది. ద్రవం పూర్తిగా అయిపోయి వట్టి ఆవిరి మిగిలినప్పుడే ముల్లు అంతకన్నా దిగుతుంది. అందువల్ల ఆ అంకెతో తెలిసేది ఒక్కటే: పైపులు పూర్తిగా ఖాళీ కాలేదు. ఎంతుందో మాత్రం తెలియదు. ఇదంతా చెబితే మెకానిక్ కాదనలేదు; "నడిపించి చూద్దాం" అన్నాడు.

తలుపులు తెరిచి, బ్లోయరు పూర్తిగా పెట్టి, ఇంజను వేగం నిమిషానికి 1500 చుట్ల దగ్గర నిలిపాడు. పల్చటి ఒత్తిడి వైపు (గ్యాసు కంప్రెసర్‌లోకి వచ్చే వైపు) 14, గట్టి ఒత్తిడి వైపు (కంప్రెసర్ నుంచి బయటికి పోయే వైపు) 115. ఈ ఎండకు 30 నుంచి 40, 180 నుంచి 230 మధ్య ఉండాల్సినవి. 14 పీఎస్‌ఐ అంటే కాయిల్ మొదట్లో ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల దిగువన ఉన్నట్టు. వాల్వు మీద మంచు అందుకే.

రెండు వైపులా తక్కువ ఉంటే రెండు అనుమానాలు వస్తాయి. గ్యాసే తక్కువై ఉండాలి, లేదా వాల్వు దగ్గర ఏదో అడ్డం పడి ద్రవం కాయిల్లోకి సరిగ్గా చేరకుండా ఉండాలి. గేజీలు చూస్తూ కూర్చుంటే ఈ రెండింటినీ విడదీయడం కష్టం. కంప్రెసర్ అరిగి ఉంటే పల్చటి వైపు ఎక్కువ, గట్టి వైపు తక్కువ చూపించేది. ఫ్యాను సరిగ్గా తిరగకపోయినా, గ్యాసు ఎక్కువైనా రెండూ పైకి పోయేవి. ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. మిగిలిన రెండింటి మధ్య తీర్పు చెప్పగలిగింది తూకమే. ఉన్న గ్యాసంతా రికవరీ యంత్రంతో బయటికి లాగి తూచాం. బానెట్ కింద అంటించిన చీటీలో 450 గ్రాములని ఉంది. యంత్రం చూపించింది 190.

అడ్డం లేదు, వాల్వు తప్పు లేదు. 260 గ్రాములు గాలిలో కలిసిపోయాయి.

రికవరీ యంత్రం గురించి ఒక మాట. పైపు విప్పి గ్యాసును బుస్సుమని గాలిలోకి వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు. భూమిని వేడెక్కించడంలో ఆర్-134ఎ కార్బన్ డయాక్సైడుకు దాదాపు 1430 రెట్లు. ఒక చిన్న కారులోని 450 గ్రాములు 640 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. దీనికి ముందు వాడిన ఆర్-12 ఓజోన్ పొరను తినేస్తుందని తేలడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని తప్పించి ఆర్-134ఎ తెచ్చారు. దీన్నీ తప్పించే పని ఇప్పుడు నడుస్తోంది. యూరోపియన్ యూనియన్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఇది లేదు, చాలావాటిలో ఆర్-1234వైఎఫ్ వాడుతున్నారు. దానికి నిప్పంటుకునే గుణం కొంత ఉంది, దాని పైపు మూతి కూడా వేరు. ఒకదానిలో ఇంకొకటి కలపకూడదు. చీటీ చదవకుండా ఏ గ్యాసయినా ఒకటే అనేవాడి చేతికి కారు ఇవ్వకపోవడం మంచిది.

ఇక వేట. అందుకోసం తూచిన గ్యాసును తిరిగి పైపుల్లోకి ఎక్కించాం. గ్యాసు ఒంటరిగా బయటికి పోదు. కంప్రెసర్‌కు కావాల్సిన నూనెను కూడా తనతో కొంత తీసుకుపోతుంది. ఆ నూనె మీద దుమ్ము అతుక్కుని నల్లటి మరక కడుతుంది. లీకు వెతికేవాడికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. టార్చిలైటు, చేతి అద్దం పట్టుకుని పైపుల కీళ్లు ఒక్కొక్కటే చూశాం. గ్యాసు నింపే మూతుల లోపలి చిన్న వాల్వులు పొడిగా ఉన్నాయి. కంప్రెసర్ షాఫ్టు చుట్టూ మరక లేదు. నాకు అన్నిటికన్నా భయం కూలింగ్ కాయిల్ గురించే, ఎందుకంటే అది పోతే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఇంజను ఆపేసి, కారు కింద నీరు కారే చిన్న గొట్టం మూతి దగ్గర లీకు పట్టే ఎలక్ట్రానిక్ పరికరం ముక్కు పెట్టి కాసేపు ఆగాం. గ్యాసు గాలికన్నా బరువు గనక కాయిల్లో లీకుంటే అక్కడికి దిగి తీరాలి. పరికరం పలకలేదు.

కండెన్సర్ కింది అంచున, కుడి మూలకు దగ్గరగా, రేకుల మధ్య జిడ్డుగా ఒక మరక కనిపించింది. వేలితో తాకితే నల్లగా అంటుకుంది. ఆ చోట రేకులు తెల్లగా పొడి రాలుతున్నాయి, ఒక గొట్టం అంచు చిన్న రాయి తగిలినట్టు లోపలికి వంగి ఉంది. పరికరం ముక్కు అక్కడికి పోగానే ఆగకుండా కూసింది. అయినా నమ్మకం కుదరక, గ్యాసు మళ్లీ తీసేశాక నైట్రోజన్‌ను 150 పీఎస్‌ఐ వరకు నింపి సబ్బు నీళ్లు పూశాం. మొదట ఏమీ కనబడలేదు. కాసేపటికి వంగిన గొట్టం పక్కన సన్నటి తెల్లని నురగ నిదానంగా పేరుకుంది. బుడగ అని కూడా అనలేం, అంత సన్నం. ఆ నురగ వేగంతోనే ఏడాదిలో 260 గ్రాములు వెళ్లిపోయాయి.

ఇక్కడ నైట్రోజనే ఎందుకంటే, టైర్లకు కొట్టే గాలిలో తేమ ఉంటుంది; పైగా గాలి, ఆర్-134ఎ ఒత్తిడిలో కలిస్తే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మెకానిక్ దగ్గర ఆ సిలిండరు లేకపోయి ఉంటే వేరేచోటికి వెళ్లేవాణ్ని.

కండెన్సర్ మార్చకుండా లీకు పూడ్చే ద్రవం పోద్దామన్న మాట కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆ ద్రవం తేమ తగిలిన చోట గట్టిపడుతుంది. లీకు దగ్గర గట్టిపడితే మంచిదే, వాల్వులోనో రికవరీ యంత్రంలోనో గట్టిపడితే అదొక కొత్త రోగం. అంత పలచని అల్యూమినియం గొట్టానికి వెల్డింగు మీదా నాకు గురి లేదు.

కొత్త కండెన్సర్ బిగించడంలో చెప్పుకోదగ్గ విశేషం లేదు. బంపరు విప్పడమే సగం పని. మూడు విషయాలు మాత్రం దగ్గరుండి చూశాను. తేమ పీల్చే డ్రయర్‌ను కూడా మార్చారు. ఒకసారి గాలి తగిలాక పాతదానికి ఆ శక్తి మిగలదు. విప్పిన ప్రతి కీలు దగ్గరా కొత్త ఓ-రింగులు (సందు మూసే రబ్బరు చుట్లు) వేసి, వాటికి కంప్రెసర్ నూనె రాశారు. పాత కండెన్సర్ నుంచి వంచి తీసిన నూనెను కొలిచి, దాన్నీ కారు పుస్తకంలోని అంకెనూ చూసుకుని పీఏజీ అనే రకం కొత్త కంప్రెసర్ నూనె అంతే పోశారు. ఈ నూనె తేమను యమవేగంగా పీల్చుకుంటుంది, కాబట్టి తెరిచిన డబ్బాలో మిగిలినది వాడనివ్వలేదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కరెంటుతో తిరిగే కంప్రెసర్ ఉంటుంది గనక వాటికి వేరే నూనె. అందులో పీఏజీ పోస్తే విద్యుత్ నిరోధం దెబ్బతింటుంది.

తర్వాత వ్యాక్యూమ్. తొందరున్నవాళ్లు ఐదు నిమిషాలు పంపు తిప్పి అయిందనిపిస్తారు. గాలి బయటికి లాగేయడం ఒక్కటే దాని పని అయితే అదీ సరిపోయేదేమో. పైపుల గోడలకు అంటుకున్న తేమ పోవడం అసలు అవసరం. ఒత్తిడి 25 మిల్లీబార్లకు దిగితే నీరు 21 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అప్పుడది ఆవిరై పంపు గుండా బయటపడుతుంది. ఇందుకు సమయం పడుతుంది. మిగిలిపోయిన తేమ వాల్వులో మంచుగడ్డ కట్టి అడ్డం పడుతుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. మేము ముప్పావు గంట లాగి, పంపు ఆపి, వాల్వులు మూసి ముల్లును చూస్తూ కూర్చున్నాం. కదల్లేదు.

గ్యాసు తూచి నింపారు. 450 గ్రాములు, ఒక్క గ్రాము ఎక్కువ లేదు. గేజీలు చూస్తూ 'చల్లబడేదాకా' పోయడం పాత పద్ధతి. ఇప్పటి కండెన్సర్లలో గ్యాసు పరిమాణంలో కొంత తేడా ఉన్నా ఒత్తిడి పెద్దగా మారదు కాబట్టి కన్ను మోసపోతుంది. ఇంట్లో డబ్బాతో నింపుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు: డబ్బాను గట్టి ఒత్తిడి వైపు ఎప్పుడూ కలపకూడదు, పగిలిపోతుంది. కళ్లజోడు, చేతి తొడుగులు లేకుండా ఆ పని చేయకూడదు, బయటపడ్డ ద్రవం సున్నాకు 26 డిగ్రీల దిగువన మరుగుతుంది, తగిలిన చోట చర్మం గడ్డకడుతుంది.

నింపాక చూస్తే బయట 34 డిగ్రీల్లో ముళ్లు 33, 205 దగ్గర ఉన్నాయి. మధ్య రంధ్రంలో 7 డిగ్రీలు, రెండు పక్కలా ఒకటే. లావు పైపు నిండా చెమట.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే దీన్ని రాసేవాణ్ని కాదేమో. రెండు వారాలు తిరక్కముందే, మండుటెండలో చాలాసేపు నడిపాక గాలి ఒక్కసారిగా వెచ్చబడింది. కారు ఆపి గంట తర్వాత మళ్లీ వేస్తే చల్లగానే వచ్చింది. మళ్లీ లీకే అని అందరూ అన్నారు. నాకు అలా తోచలేదు: లీకైతే నెమ్మదిగా తగ్గుతుంది, చల్లారాక తిరిగి బాగుపడదు. వేడెక్కితే పోయి, చల్లారితే వచ్చేది విద్యుత్తుకు, అయస్కాంతానికి సంబంధించిన తగువు.

వెచ్చబడిన సమయంలో బానెట్ ఎత్తి చూశాను. కంప్రెసర్ పుల్లీ తిరుగుతోంది, దాని ముందున్న పళ్లెం మాత్రం కదలకుండా నిలబడి ఉంది. క్లచ్ అతుక్కోలేదు. మల్టీమీటరు పెడితే క్లచ్ తీగల దగ్గర 13.6 వోల్టులు వస్తున్నాయి, అంటే కారు దాన్ని అతుక్కోమనే చెబుతోంది. మెకానిక్ పొడుగాటి చెక్క కర్రతో ఆ పళ్లాన్ని మెల్లగా నొక్కగానే టక్కున అతుక్కుని చల్లగాలి మొదలైంది. తిరిగే బెల్టు పక్కన చేసే పని అది. అలవాటు లేనివాళ్లు కర్ర పట్టకపోవడమే మంచిది.

క్లచ్ కాయిల్ (అయస్కాంతపు రాగి తీగచుట్ట) నిరోధం చల్లగా ఉన్నప్పుడు 3.6 ఓమ్‌లు. రాగి తీగ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. ఇంజను వేడికి కాయిల్ 100 డిగ్రీలకు చేరితే అది 4.6 దాటుతుంది, కరెంటు దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. అయస్కాంతం లాగే బలం అంతకన్నా ఎక్కువ పడిపోతుంది. పళ్లానికీ పుల్లీకీ మధ్య సందు సరిగ్గా ఉంటే ఆ మిగిలిన బలం చాలు. సందులు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజితో మూడు చోట్ల కొలిస్తే మాకు 0.9 మిల్లీమీటర్లు వచ్చింది. పుస్తకంలో ఉండాల్సింది 0.35 నుంచి 0.6. పళ్లెం ఏళ్లతరబడి అరిగి సందు పెద్దదైంది. మామూలు ఎండలో అవస్థపడి అతుక్కునేది, ఉడుకెక్కాక చేతులెత్తేసింది. ఇది కొత్తగా వచ్చింది కాదనుకుంటాను. ఇంతకుముందు గ్యాసు తక్కువై కంప్రెసర్ మీద భారం లేదు. ఎలాగూ చల్లగా రావడంలేదు కాబట్టి క్లచ్ ఎప్పుడు వదిలేసిందో ఎవరూ పట్టించుకుని ఉండరు.

క్లచ్ మొత్తం మార్చనక్కరలేకపోయింది. మధ్య బోల్టు విప్పి పళ్లెం తీస్తే లోపల షాఫ్టు మీద పలచటి వాషర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తీసేసి తిరిగి బిగించాక సందు 0.4కు వచ్చింది. మరీ తగ్గిస్తే ఏసీ ఆపినా పళ్లెం రాసుకుంటూ ఉంటుంది గనక చేత్తో తిప్పి చూశాడు, ఎక్కడా తగల్లేదు. గ్యాసు పైపు ఒక్కటీ విప్పాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో కారును ఒకచోటే నిలిపి, ఇంజను నడుస్తూ ఉండగా ఏసీ పెట్టి గంటసేపు చూశాం. క్లచ్ ఒక్కసారీ జారలేదు, మధ్య రంధ్రంలో 9 డిగ్రీలు దాటలేదు. గ్యాసు తూకం, నూనె కొలత, గేజీల అంకెలు, క్లచ్ సందు ఒక కాగితం మీద రాసి కారు పుస్తకంలో పెట్టాను. ఇంకెవరైనా గ్యాసు తగ్గిందంటే పోల్చి చూసుకోవడానికి ఒక లెక్కంటూ ఉంటుంది. పుల్లీ బేరింగు మాత్రం కాస్త గరగరమంటోంది. ఇంకో రెండు వేసవులు లాగుతుందని మెకానిక్ అంచనా, ఈ చలికాలంలోనే మార్చేద్దామని నా ఉద్దేశం.